ఓబులేసన్న కంప్యూటర్‌కు నేను చేసిన వైద్యం

మా ధర్మవరంలో నేను గుమ్మంలో అడుగు పెడితే ఇప్పటికీ కొందరు తమ కంప్యూటర్ మీద గబుక్కున గుడ్డ కప్పేస్తారు. పసిపిల్లకు దిష్టి తగులుతుందని కొంగు కప్పినట్టు కప్పేస్తారు. నేను నొచ్చుకోను. వాళ్ళ స్థానంలో నేనుంటే గదికి తాళం కూడా వేసేదాన్ని. ఒక్క ఆదివారం పూట, ఎదురింటివాళ్ళు పెట్టిన ఉగ్గాని తింటూ, మధ్యమధ్యలో జోకులు వేస్తూ, ఒక మనిషి ఏడాది కష్టాన్ని సర్వనాశనం చేయడం ఎలాగో తెలుసుకోవాలనుకుంటే నా దగ్గరికే రావాలి. మన జిల్లాలో ఆ విద్య నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. నాకు ఇరవై మూడేళ్ళు. డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, ఇంటి ముందుగదిలో దేవుడి పటాల కంటే జానెడు ఎత్తున తగిలించాను. మా నాయన స్కూలు మాస్టారు. కూతురి చదువు తుప్పు పట్టకూడదని ఇంటికే ఒక కంప్యూటర్ తెప్పించాడు. అప్పటికి మా పేట మొత్తానికి ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లు మూడు. ఒకటి మాది. రెండోది గుత్తి నుంచి బదిలీ మీద వచ్చి, రైల్వే స్టేషన్‌లో టికెట్లిచ్చే మస్తానన్నది. మూడోది మా ఎదురింటి ఓబులేసన్నది.

మూడు కంప్యూటర్లకూ కలిపి తెలివైన మనిషిని నేనొక్కదాన్నే. ఈ మాట ఎవరన్నారని అడక్కండి. నేనే అన్నాను.

ప్రతి ఆదివారం పొద్దున ముగ్గురం ఓబులేసన్న ఇంట్లో చేరేవాళ్ళం. వాళ్ళిద్దరూ ప్రశ్నలడిగేవాళ్ళు. నేను సలహాలిచ్చేదాన్ని. తెలిసిన వాటికి నిదానంగా, తెలియని వాటికి టకటకా చెప్పేదాన్ని. మస్తానన్న ఒకసారి దిగులుగా అడిగాడు.

"నిర్మలమ్మా, మా కంప్యూటర్ రోజూ తేదీ మర్చిపోతాండాది. స్విచ్చి వేస్తే చాలు, ఇరవై ఏండ్లు ఎనక్కి పోతాది. ఏం చేయల్ల?"

లోపలున్న గుండీ అంత బ్యాటరీ అయిపోతే అలా జరుగుతుందని నాకప్పుడు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అసలే లేదు.

"అది మామూలేన్నా. గోడ గడియారానికి రోజూ కీ ఇచ్చినట్టు, పొద్దున్నే లేచి తేదీ సరిచేయల్ల."

పాపం, ఆ పెద్దమనిషి ఎనిమిది నెలలపాటు రోజూ నమాజు అయ్యాక కంప్యూటర్ తేదీ సరిచేసి, ఆ తర్వాతే టీ తాగేవాడు. నా సలహాల నాణ్యత ఏపాటిదో మీకు అర్థమైందనుకుంటాను. ఇక అసలు సంగతికొస్తాను.

ఓబులేసన్న పట్టుచీరల డిజైన్లు గీసేవాడు. చిన్నచిన్న గళ్ళ కాగితం మీద ఒక్కో గడినీ ఒక్కో పోగుగా లెక్కగట్టి అంచులు, కొంగులు, బుటాలు వేయడం ఆయన పని. ఆ గళ్ళను బట్టే మగ్గం మీది అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టలను బట్టే చీరలో హంసలు, మామిడి పిందెలు తేలతాయి. కళ్ళు లాగుతున్నాయని ఆయన కంప్యూటర్ కొనుక్కొని, తెర మీదే గళ్ళు నింపడం నేర్చుకున్నాడు. ఏడాదిలో నలభై డిజైన్లు గీశాడు. ఆ నలభై చూడటానికి గురువారం బెంగళూరు నుంచి ఒక శెట్టిగారు రావాల్సి ఉంది. ఆయనకు నచ్చితే మా వీధిలో ఆరు మగ్గాలకు ఏడాది పొడుగునా పని. ఆ ఏడు వాన మొహం చాటేసింది. పల్లెల్లో శెనక్కాయ పంట పోయింది. పెళ్ళిళ్ళు వాయిదా పడి మగ్గాలు కూడా ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అందుకే వీధివీధంతా ఆ గురువారం కోసం కళ్ళలో ఒత్తులేసుకొని చూస్తోంది.

సరిగ్గా దానికి ముందు ఆదివారం నేను వెళ్ళేసరికి ఓబులేసన్న తల పట్టుకుని కూర్చున్నాడు.

"అరగంటకొకసారి దానంతట అదే ఆరిపోతాందమ్మా. కరెంటు ఉండాది. అయినా ఆరిపోతాది. కాసేపాగి వేస్తే వస్తాది, మళ్ళా ఆరిపోతాది."

పక్కనే పట్టు దారం కండెలకు చుడుతున్న వాళ్ళమ్మ లక్షుమవ్వ తల ఎత్తకుండానే అంది: "దాని గొంతు మారింది. మూడు దినాల్నుంచి లోపల్నుంచి గుర్రుమంటాండాది. యాడో ఏదో ఇరుక్కోనుండాది, ఇప్పి చూడండప్పా."

లక్షుమవ్వకు డెబ్బై ఏళ్ళు. అరవై ఏళ్ళు మగ్గాల చప్పుడు మధ్యే బతికిన మనిషి. పక్కింట్లో మగ్గానికి ఒక అట్ట తప్పు పడితే ఈ ఇంట్లో కూర్చుని చెప్పేది. అలాంటి చెవులున్న మనిషి మాట విన్నానా? విననే లేదు.

"అవ్వా, ఇది మగ్గం కాదు, కంప్యూటర్," అన్నాను జాలిగా నవ్వి. "దీనికి పట్టింది వైరస్."

ఆ మాటకు మస్తానన్న రెండడుగులు వెనక్కి వేసి ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అంటుకుంటాదా అమ్మా?" అన్నాడు.

"మనుషులకు అంటుకోదన్నా. దీన్ని మొత్తం తుడిచేసి మళ్ళీ కొత్తగా అంతా ఎక్కించల్ల. ఫార్మాట్ అంటారు. రెండు గంటల పని. నాకు మంచినీళ్ళు తాగినంత సులభం."

నిజానికి అప్పటివరకు ఒక్కసారి కూడా చేయలేదు. కోర్సులో మా మాస్టారు చేస్తుంటే, ముందు కూర్చున్న అమ్మాయి జడ పక్కనుంచి తొంగి చూశాను. నా అనుభవం అంతే.

అయితే నన్ను మరీ అంత తీసిపారేయకండి. మొదలుపెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను. మా మాస్టారు నేర్పినట్టే, ఆయన గొంతుతోనే అడిగాను.

"అన్నా, బ్యాకప్ ఉండాదా?"

"ఉండాది, ఉండాది," అన్నాడు ఓబులేసన్న నమ్మకంగా. "అరగంట వరకు వస్తాది."

ఈ మాట మళ్ళీ ఒకసారి చదవండి. అరగంట వరకు వస్తుందట. చెవులున్న ఏ మనిషైనా ఇక్కడ ఆగి, ఇదేం బ్యాకప్ నాయనా అని అడుగుతారు. నేను మాత్రం "ఉండాది" దగ్గరే వినడం ఆపేశాను. అప్పుడే లక్షుమవ్వ కోడలు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నా చెవులు ఆ వైపు పోయాయి.

ఫ్లాపీ పెట్టాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. నిజంగానే అంతా తుడిచెయ్యాలా అని అది అడిగింది. పాపం, గదిలో నా కంటే బుద్ధిగా ప్రవర్తించింది అదొక్కటే. ఎడమ చేత్తో అవునని నొక్కాను, కుడి చేతిలో బజ్జీ ఉంది మరి. ఒకటి, రెండు, మూడు అని శాతాలు పెరగడం మొదలైంది. పది దాటగానే మస్తానన్న చప్పట్లు కొట్టాడు. యాభై దగ్గర నేనొక జోకు వేశాను. వంద కాగానే ముగ్గురం పరీక్ష పాసైనట్టు నవ్వుకున్నాం. ఆ తర్వాత గంటన్నర కూర్చుని మళ్ళీ అన్నీ ఎక్కించాను; మధ్యలో రెండుసార్లు ఆరిపోతే, వైరస్ పోతూ పోతూ చేసే అల్లరి అని చెప్పి మళ్ళీ వేశాను. ఆకాశం రంగు తెర తళతళా మెరుస్తూ వచ్చింది.

"ఎట్లుండాది?" అన్నాను, కుర్చీలో వెనక్కి వాలి.

"కొత్త పెండ్లికూతురు మాదిరుండాది," అన్నాడు ఓబులేసన్న మురిసిపోయి. ముందుకు వంగి తెరంతా వెతికాడు. ఇంకాస్త వంగాడు. "అవునమ్మా, నా డిజైన్లు యాడ? ఈ మూలన పసుపు రంగు సంచీ ఉండేది. దాన్ని రెండుసార్లు నొక్కితే వచ్చేవి."

"నీ బ్యాకప్ తీసుకురా అన్నా. దాంట్లో నుంచి ఎక్కిస్తా."

"తెచ్చేదేంది, ఈడే ఉండాది కదా!"

అని బల్ల కింద కాలితో తట్టి చూపించాడు. కరెంటు పోతే అరగంటపాటు కంప్యూటర్‌ను నడిపించే బ్యాటరీ పెట్టె అక్కడుంది. ఆకుపచ్చ దీపం వెలిగించుకుని అమాయకంగా నా వైపు చూస్తోంది.

నా నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది.

"అన్నా... ఇది కాదు. డిజైన్లు ఇంకోచోట ఎక్కడైనా దాచి పెట్టినావా అని నేనడిగింది."

"డిజైన్లు ఇంకోచోట ఎందుకు పెడతానమ్మా? కంప్యూటర్లో కదా పెడతా."

సరిగ్గా ఆ క్షణంలో కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. జబ్బు తగ్గలేదు. రోగి జ్ఞాపకశక్తి మాత్రం పోయింది.

లక్షుమవ్వ కండెలు పక్కన పెట్టి లేచింది. కొడుకు దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, పెట్టె పక్క రేకు విప్పించింది. లోపల ఫ్యాను ఉండాల్సిన చోట ఒక పిచ్చుక గూడు ఉంది. గూడంటే నిజం గూడు కాదు. ఏడాదిగా ఇంట్లో ఎగిరిన పట్టు నూగంతా ఫ్యాను రెక్కలకు చుట్టుకుని, ఎర్రటి, పచ్చటి, నీలం ముద్దలా తయారైంది. గాలాడక వేడెక్కి కంప్యూటర్ ఆరిపోతోంది. అవ్వ పోగులు దువ్వే కుంచె తెచ్చి, వేలితో ఇంత ముద్ద లాగి బయటపెట్టింది.

"ఇదేనా పాపా వైరస్సు?" అంది, ఎక్కడా నవ్వకుండా.

మళ్ళీ స్విచ్చి వేస్తే సాయంత్రం దాకా ఆరలేదు. ఓబులేసన్న నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "పోనీలేమ్మా, నువ్వు కావాలని చేసినావా ఏంది," అని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద ఊరికే పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతులు చూడలేక నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాను.

బట్టలు సంచిలో కుక్కుతుంటే నాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"యాడికి?"

"కదిరికి. అత్త వాళ్ళింటికి. అయిదారేండ్లు ఆడ్నే ఉంటా నాయనా."

సంగతంతా విన్నాడు. గోడకున్న నా సర్టిఫికెట్ వైపు ఒకసారి చూసి నిట్టూర్చాడు. "పోతే పో. బస్సులు దండిగా ఉండాయి. పోయే ముందర ఎదురింటికి పోయి, గురువారం లోపల నేనేం చేయగలనని ఒక మాట అడిగి పో. వాళ్ళు ఏమీ వద్దంటే నేనే బస్సెక్కిస్తా."

సోమవారం తెల్లవారగానే వెళ్ళాను. వాకిలి ఊడుస్తున్న లక్షుమవ్వ నన్ను చూసి చీపురు ఆపింది.

"అవ్వా, నన్నేం చేయమంటావు?"

"గళ్ళు నింపేది తెలుసునా?"

"తెలుసు."

"అయితే కూచో. నేను చెప్తా, నువ్వు నింపు. మావాడు గీసినవి కొన్ని ఈ వీధిలోనే నేసినారు. కొంపలు మునిగినట్టు ఏడ్చేకన్నా పెట్టెలు తెరిపిచ్చేది మేలు."

ఆ పొద్దున అవ్వ ఇంటింటికీ తిరిగింది. గంటలో ఓబులేసన్న నట్టిల్లు చీరల కొట్టులా మారింది. ఆడవాళ్ళు మడతలు విప్పని చీరలు తెచ్చారు, పెళ్ళినాటివి తెచ్చారు, ఒకావిడ ఆ పొద్దున కట్టుకోబోతున్న చీరను మడిచి పట్టుకుని వచ్చేసింది. వార్త విని మస్తానన్న స్టేషన్‌కు మూడు రోజులు సెలవు పెట్టి, తన కంప్యూటర్‌ను పరుపులో చుట్టి ఆటోలో తెచ్చాడు. ఒకటి కంటే రెండు నయమన్నాడు. పని మొదలుపెట్టే ముందు శ్రద్ధగా తేదీ సరిచేశాడు. నేను తల వంచుకున్నాను.

ఒక కంప్యూటర్ ముందు ఓబులేసన్న, మస్తానన్న. ఇంకోదాని ముందు నేను. నా వెనక చీర అంచు పట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని లక్షుమవ్వ.

"మూడు ఇడువు, రెండు నింపు. ఒకటి ఇడువు, అయిదు నింపు. ఆగు. ఆడ నాలుగు నింపినావు."

"అయిదే అవ్వా."

"నాలుగు."

లెక్కపెడితే నాలుగే ఉండేవి. తెరను చూడకుండానే ఎలా చెప్పేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. నేను మీట నొక్కే టిక్కు టిక్కు చప్పుడు లెక్కపెట్టేదనుకుంటాను.

కరెంటు ఉన్నంతసేపు గీశాం. లేనప్పుడు గుమ్మంలో వెలుతురుకు కూర్చుని గళ్ళ కాగితం మీద రాసుకున్నాం. మంగళవారం మధ్యాహ్నానికి ఒక సంగతి గమనించాను. అవ్వ పట్టుకొచ్చిన వాటిలో ఓబులేసన్న ఎప్పుడూ గీయనివి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి అవ్వ పెళ్ళిచీర. జరీ నల్లబడింది, మడతల దగ్గర గుడ్డ చిట్లిపోయింది. అంచులో రెండు హంసలు మెడ వెనక్కి తిప్పి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

"ఇది ఎవరు గీసినారవ్వా?"

"ఎవరూ గీయలే. మాయమ్మ లెక్కలన్నీ మనసులో పెట్టుకోని నేసింది. కాగితం మీదికి రాలేదు ఇది."

మెడ మలుపు దగ్గర నాకు ఎంతకీ కుదరలేదు. ఎనిమిదిసార్లు చెరిపాను. తొమ్మిదోసారి అవ్వ తన చేయి నా చేయి మీద పెట్టి మౌస్‌ను జరిపింది. ఆ వేళ్ళు గరుకుగా, తేలిగ్గా ఉన్నాయి. హంస తల తిరిగింది. ఆరు నెలలు ఫీజు కట్టి నేర్చుకున్న దానికంటే ఆ ఒక్క మలుపులో ఎక్కువ నేర్చుకున్నాను. ఈ మాట మాత్రం జోకు కాదు.

బుధవారం పొద్దు గూకేసరికి పద్నాలుగు డిజైన్లు తేలాయి. నలభై ఎక్కడ, పద్నాలుగు ఎక్కడ. అయినా ఆ రోజు ఓబులేసన్న మొదటిసారి అన్నం సరిగ్గా తిన్నాడని వాళ్ళావిడ చెప్పింది.

గురువారం పదకొండు గంటలకు శెట్టిగారు వచ్చారు. తెల్ల పంచె, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, నెమ్మదైన మనిషి. మజ్జిగ తాగి ఓబులేసన్న కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేను ఒక్కొక్కటే తెరిచి చూపించాను. వీధిలో సగంమంది కిటికీ దగ్గరే ఉన్నారు. హంసల అంచు దగ్గర ఆయన చేయెత్తి ఆపారు.

"ఇది యారు చేసింది? ఇట్లాది చూసి శానా ఏండ్లాయె."

ఓబులేసన్న వాళ్ళమ్మ వైపు చూశాడు. అవ్వ కండె చుట్టుకుంటూనే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

పద్నాలుగూ అయిపోయాయి. "నలవై అని చెప్తిరి కదప్పా, మిగతావి?" అన్నారు శెట్టిగారు.

ఓబులేసన్న నన్ను కాపాడటానికి ఏదో అబద్ధం వెతుక్కుంటున్నాడని తెలిసిపోతూనే ఉంది. ఇక నేనే ముందుకొచ్చాను.

"నేనే తుడిచేసినాను సార్. వైరస్ అనుకొని. తప్పంతా నాది, ఆయనది కాదు."

శెట్టిగారు కళ్ళద్దాల మీదుగా నన్ను ఎగాదిగా చూశారు. ఏమీ అనకుండా మౌస్ తన చేతిలోకి తీసుకున్నారు. కంప్యూటర్‌లో ఏమేం ఉన్నాయో చూపించే కిటికీ తెరిచారు. సీ అని ఒకటి, డీ అని ఒకటి, ఈ అని ఒకటి వరసగా కనిపించాయి.

"ఈ డీ లోపల ఏముంది?"

"అది సీడీ పెట్టే చోటు సార్," అన్నాను వినయంగా. "సీడీ లేకుండా తెరిస్తే కోప్పడుతుంది. దాంట్లో ఏమీ ఉండదు."

ఆయన రెండుసార్లు నొక్కారు.

పసుపు రంగు సంచీ ఒకటి ప్రత్యక్షమైంది. దాన్ని నొక్కారు. నలభై డిజైన్లు, ఒక్కటీ తగ్గకుండా, రంగురంగులుగా బారులు తీరి నిలబడ్డాయి.

సంగతేమిటంటే, మా ఇంటి కంప్యూటర్‌లో సీ తర్వాత ఉన్న డీ సీడీదే. అందువల్ల ప్రపంచంలోని అన్ని డీలూ సీడీలవే అని నా నిశ్చితాభిప్రాయం. ఓబులేసన్నకు కంప్యూటర్ బిగించి ఇచ్చినవాడు మాత్రం బుద్ధిమంతుడు. లోపలి చోటును రెండు భాగాలు చేసి, డిజైన్లన్నీ రెండోదాంట్లోకి పోయేటట్టు పెట్టాడు. నేను తుడిచింది మొదటిదాన్ని. తెర మీది సంచీ వాటికి దారి మాత్రమే. దారి పోయింది, ఊరు ఉన్నచోటే ఉంది. నాలుగు రోజులపాటు మేం ఏడ్చిన ఏడుపంతా దానికి వేలెడు దూరంలోనే ఏడ్చాం.

మొదట నవ్వింది ఓబులేసన్న. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. కిటికీ దగ్గర వీధి వీధంతా విరగబడింది. ఒక్క అవ్వే నవ్వకుండా నన్ను పిలిచింది.

"పాపా, ఇంటింటికీ తిరిగి నా మోకాళ్ళు పోయినాయి. ఆ చీరలన్నీ మడత పెట్టి ఎవురివి వాళ్ళకిచ్చి రా పో."

శెట్టిగారు నలభైలోంచి, మేం తిరిగి గీసినవి కాక, తొమ్మిది ఎంచుకున్నారు. మేం చీరలు చూసి గీసిన పద్నాలుగూ మాత్రం ఒక్కటీ వదలకుండా తీసుకున్నారు. హంసల అంచు ముందుగా కావాలన్నారు. ఆరు మగ్గాలు అనుకున్నది తొమ్మిదింటికి పని దొరికింది. ఆపేసి మూల పెట్టిన మగ్గాల దుమ్ము దులిపారు. మరుసటి సోమవారం ఓబులేసన్న మా గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, రోజూ వచ్చి మాయమ్మ చెప్పేవి గీస్తావా? నాకు కండ్లు అగుపడటం ల్యా," అన్నాడు. కదిరి సంచి విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను. ఆ పనే నా బతుకుతెరువైంది. అవ్వ మనసులో ఉన్న అరవై రెండు అంచులూ కాగితం మీదికి వచ్చాక కానీ మేమిద్దరం ఆ కుర్చీల్లోంచి లేవలేదు.

చివరిగా, పాఠక మహాశయుల సమక్షంలో, కుడి చేయి కీబోర్డు మీదా ఎడమ చేయి గుండెల మీదా ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరి కంప్యూటర్‌లోనైనా సరే, ఆవగింజంత తుడిచే ముందు, ఆ ఇంటి యజమానిని ఎదురుగా కూర్చోబెట్టి, ఇంగ్లీషు ముక్క ఒక్కటి కూడా కలపకుండా, నూటికి నూరు పాళ్ళు తెలుగులో ఇలా అడుగుతాను: "అన్నా, ఇది పోతే ఏడుస్తావా?"